బస్టాండు నేల

బస్టాండు ప్రారంభోత్సవానికి వచ్చినవారందరూ తలెత్తి చూస్తారు. కొత్త షెడ్డు, దాని ఇనుప కమానులు, ముఖద్వారం మీద రంగు ఆరని అక్షరాలు, మరుసటి రోజు పత్రికల ఫొటోల్లో కనిపించేవి ఇవే. నేను మాత్రం ఆ రోజు తల దించుకునే తిరుగుతుంటాను. ఐదేళ్ల తర్వాత ఆ బస్టాండును జనం తిట్టుకుంటారా, దాని సంగతే పట్టించుకోకుండా హాయిగా వాడుకుంటారా అన్నది చాలావరకు నేలలోనే తేలిపోతుందని రెండు దశాబ్దాల ఉద్యోగం నాకు నేర్పింది. కర్నూలులో నివాసముంటూ, కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో బస్టాండుల, డిపోల నిర్మాణ పనులు చూసే ఇంజినీరును నేను.

పాత బస్టాండుల్లో యార్డు, అంటే బస్సులు నిలిచే, తిరిగే ఆవరణ, అంతా తారే. రోడ్డు మీద పదేళ్లు నిలిచే తారు బస్టాండులో రెండు మూడు వేసవులకే ఎందుకు పాడవుతుందని అడిగేవారుంటారు. రోడ్డు మీద బస్సు పరుగెత్తుతుంది, బస్టాండులో నిలబడుతుంది. రోజంతా ఒకదాని తర్వాత ఒకటి వచ్చి సరిగ్గా అదే గుర్తు మీద బ్రేకు వేసి, అక్కడే ఆగి, అక్కడి నుంచే స్టీరింగు తిప్పుకుని బయలుదేరతాయి. మన ఏప్రిల్ ఎండకు మెత్తబడిన తారును ఆ చక్రాలు పక్కలకు నెడతాయి, ఇంజను నుంచి చుక్కలుగా కారే డీజిలు, ఆయిలు దానిని కరిగిస్తాయి. ఆ చాళ్లలో మొదటి వానకు నీళ్లు నిలుస్తాయి. అందుకే ఇప్పుడు బస్సు నిలిచే చోట, తిరిగే చోట కాంక్రీటు వేస్తున్నాం. వేయడం తెలియని పనేమీ కాదు. ఎప్పుడు వేయాలన్నదే అసలు చిక్కు.

ఎండాకాలంలో కాంక్రీటును పగలు పోస్తే, మిక్సరు నుంచి దిగేలోపే దానిలోని నీరు ఆవిరి కావడం మొదలవుతుంది, పైపొర బిగుసుకుని సన్నని పగుళ్లు పడతాయి. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు మించకూడదన్నది నియమం, మా ఊళ్లలో నీడలోని గాలే ఆ అంకెను దాటిన రోజులుంటాయి. కాబట్టి రాత్రిపూట పోయాలని ఏ పుస్తకం చదివినవారైనా చెబుతారు. అయితే కర్నూలు, అనంతపురం రెండూ హైదరాబాదు, బెంగళూరుల మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. హైదరాబాదులో రాత్రి భోజనం చేసి ఎక్కినవారి బస్సు అర్ధరాత్రి దాటాక కర్నూలు చేరుతుంది, బెంగళూరు నుంచి ఎక్కినవారు ఇంచుమించు అదే వేళకు అనంతపురంలో టీ తాగుతుంటారు. ఊరంతా నిద్రపోయే ఆ సమయంలో బస్టాండుకు కన్ను మూతపడదు. మరి యార్డు ఖాళీగా ఉండేదెప్పుడంటే మిట్టమధ్యాహ్నం, పల్లె బస్సులు వెళ్లిపోయి, సాయంత్రపు బస్సులు ఇంకా రాని రెండు మూడు గంటలు. కాంక్రీటుకు అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. ఈ రెండు గడియారాలను కలపడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం, డ్రాయింగులు దాని తర్వాతే.

అందువల్ల యార్డును ఒకేసారి తవ్వం. నాలుగైదు ముక్కలుగా విడదీసి, ఒక ముక్కను రేకులతో మూసి, అక్కడ ఆగే బస్సులను పక్కకు సర్ది, పని ముగిశాక రెండో ముక్కకు వెళతాం. పని మొదలు కావడానికి ముందు డిపో మేనేజరుతో, ట్రాఫిక్ సిబ్బందితో, కంట్రోలర్లతో కూర్చుని ఏ ఊరి బస్సు ఎన్ని వారాలు ఎక్కడ నిలుస్తుందో రాసుకుంటాం. మహాశివరాత్రికి శ్రీశైలం బస్సులు, శ్రావణంలో ఆరాధనోత్సవాలకు మంత్రాలయం బస్సులు, సంక్రాంతికి, దసరాకు ఊళ్లకు వచ్చేవారి బస్సులు, వీటన్నిటినీ తీసేస్తే కాంక్రీటుకు దక్కే రోజులు క్యాలెండరులో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. పోసిన తర్వాత మడులు కట్టి నీళ్లు నిలపాలి. పొడి వేడి వాతావరణంలో కనీసం 10 రోజులని, బూడిద కలిసిన సిమెంటయితే 14 రోజులని ప్రమాణం చెబుతుంది. ఆ కాంక్రీటు మీదకు బస్సును రానివ్వడానికి నేను 21 రోజులు ఆగమంటాను. పన్నెండో రోజు నుంచే ఫోన్లు వస్తాయి. పైకి గట్టిగానే కనిపిస్తున్నదని, ఒక్క బస్సుకు ఏమవుతుందని అడుగుతారు. వారి అవసరం నిజమైనదే, అయినా నా జవాబు మారదు.

నేను చేసిన ఒక పొరపాటు గురించి ఇక్కడ రాయాలి. ఊరి పేరు అవసరం లేదు, తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక చిన్న బస్టాండు యార్డుకు ఎస్టిమేట్ వేస్తూ, పాత తారును తవ్వి తీసే ఖర్చు మిగులుతుందని దాని మీదనే కాంక్రీటు వేయవచ్చని ప్రతిపాదించాను. గట్టి పునాది ఉచితంగా దొరికిందని నాకు సంబరం కూడా కలిగింది. పని సాగుతుండగా అక్కడ ఊడ్చే ఆవిడ ఒకరు చీపురు ఆనించి నిలబడి, "సార్, ఇంత ఎత్తు లేపితిరి, వాన నీళ్లు యాడికి పోతాయి?" అని అడిగారు. కాలువ ఉందమ్మా అని చెప్పి వచ్చేశాను. యార్డు 8 అంగుళాలు లేచింది, ప్లాట్‌ఫాం పాత ఎత్తులోనే ఉంది. జూన్‌లో పడిన మొదటి పెద్దవానకు నీరు కాలువను వదిలేసి నేరుగా ప్రయాణికులు కూర్చునే హాలులోకి, అక్కడి నుంచి దుకాణాల్లోకి నడిచింది. హాలును పైకి లేపుదామంటే దుకాణాల తలుపులు తెరుచుకోవు, షెడ్డు బీములు తలలకు దగ్గరవుతాయి. చివరకు అంచు వెంబడి కొత్తగా జాలీ కాలువ తవ్వించడానికి అయిన ఖర్చు, మొదట నేను మిగిల్చిన సొమ్ముకన్నా ఎక్కువ. ఆ తర్వాత ఏ బస్టాండుకు వెళ్లినా మొదట ఊడ్చేవారినే కలుస్తాను. ఏ మూల నీళ్లు నిలుస్తాయో వారికి తెలిసినంతగా లెవెల్ యంత్రానికి తెలియదు, ఎందుకంటే ఆ నీటిని చీపురుతో తోసేది వారు.

నేల కింద ఉన్న నేల మరొక కథ. అనంతపురం వైపు ఎర్రనేల చాలావరకు మాట వింటుంది. నంద్యాల, కోవెలకుంట్ల, ఆదోని వైపు నల్లరేగడి వినదు. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, చేయి దూరేంత నెర్రెలిచ్చే ఆ మట్టి మీద నేరుగా యార్డు వేస్తే రెండేళ్లలో ప్యానెళ్లు, అంటే విడివిడిగా పోసిన కాంక్రీటు పలకలు, ఒకదానికొకటి ఎత్తుపల్లాలవుతాయి. ఆ మట్టిని మూడు నాలుగు అడుగులు తీసేసి, ఉబ్బని గరుసు మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపాలి. భవనానికైతే భూమిలోకి దించే, కింద గుండ్రంగా ఉబ్బి ఉండే కాంక్రీటు స్తంభాలు, అండర్‌రీమ్డ్ పైల్స్, వేస్తాం. ఇదంతా భూమిలో కలిసిపోయే డబ్బు కాబట్టి ఎస్టిమేట్ పరిశీలనలో మొదట కత్తెర పడేది దీనికే. షెడ్డు ముందున్న అలంకారపు కమాను మీద ఆ కత్తెర పడడం నేను ఎన్నడూ చూడలేదు.

నేల మీద పరచడానికి మా ప్రాంతానికి రాళ్ల కరువు లేదు. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, కడప బండ, అన్నీ దగ్గరే. అయితే వేలాది చెప్పులు రుద్దిన నున్నటి కడప బండ మీద తడి పడితే అది అద్దమే. మెట్ల దగ్గర, కుళాయిల దగ్గర గరుకు ముఖమున్న బండే వేయిస్తాను, శుభ్రం చేయడం కష్టమని వచ్చే ఫిర్యాదును భరిస్తాను.

డిపోలో ఇవే సమస్యలు నాలుగున్నర అడుగులు కిందికి దిగుతాయి. మెకానిక్కులు బస్సు కింద నిలబడి పనిచేసే పిట్లలోకి ఊట రాకూడదు, కడిగిన నీళ్లలోని ఆయిలు వేరు కాకుండా ఊరి కాలువలో కలవకూడదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచిన తర్వాత, నది పక్క ఊళ్లలో ఏ ప్లాను వేసినా ముందుగా వరద గీత ఎక్కడుందో చూసి ఫ్లోరింగు ఎత్తు నిర్ణయించుకుంటున్నాను. భూమిలో పాతిన డీజిలు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చుట్టూ నీరు చేరితే పడవలా పైకి తేలే ప్రయత్నం చేస్తుందని, అందుకే దానిని కాంక్రీటు దిమ్మెకు పట్టీలతో కట్టాలని కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజినీర్లకు చెబితే ఇప్పటికీ నవ్వుతారు.

2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తర్వాత నా బల్ల మీదకు వచ్చిన మొదటి పని మరుగుదొడ్లు. పాత ప్లానుల్లో స్త్రీలకూ పురుషులకూ సమానమైన చోటు చూపి న్యాయం చేశామనుకున్నారు. అదే చోటులో పురుషులు ఎక్కువ మంది పడతారు, స్త్రీలకు తలుపులున్న గదులు కావాలి కాబట్టి తక్కువ పడతాయి, లోపల పట్టే సమయమూ ఎక్కువే, అందుకే బయట వరుస ఎప్పుడూ వారిదే. గదులు పెంచడానికి చోటు వెతకడం తేలిక, పైపులకు వాలు వెతకడం కష్టం. యార్డులు, వీధులు పొర మీద పొర వేసుకుంటూ ఎత్తయిపోయి, ఊరి మురుగు కాలువ మా పైపుకంటే పైన ఉండిపోయిన చోట్లున్నాయి.

కర్నూలు, అనంతపురం, కడప నగరాలు విద్యుత్ బస్సుల కేంద్ర పథకమైన పీఎం ఈ-బస్ సేవలో ఉన్నాయి. విద్యుత్ బస్సుల డిపోకు డీజిలు ట్యాంకు బదులు హైటెన్షన్ లైను, ట్రాన్స్‌ఫార్మరు, ఛార్జర్ల వరుస కావాలి, కేబుళ్లకు కందకాలు కావాలి. ఆ కందకాల డ్రాయింగు నా ముందుకు వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, వాన నీళ్లు యాడికి పోతాయనే.

ఇప్పుడు యార్డును అప్పగించే ముందు ట్యాంకరుతో నీళ్లు పోయించి, అరగంట తర్వాత అందరం కలిసి నడుస్తాం. మొన్న ఒక బస్టాండులో ఆరో నంబరు ప్లాట్‌ఫాం ముందు, పళ్లెమంత చోటులో నీరు కదలకుండా నిలిచిపోయింది. ఎండకు ఆరిపోతుందిలే అని కాంట్రాక్టరు మేస్త్రీ అన్నాడు. ఆ ఒక్క ప్యానెలును కోసి తీయించి మళ్లీ వేయించాం. 21 రోజుల పాటు అక్కడ ఆగవలసిన బస్సులు గేటు పక్కన ఆగాయి, కంట్రోలరు ఫోను తప్పకుండా ప్రతి ఉదయం వచ్చింది.