కింద దంచినవాడు పైన నిలబడతాడా?

టొరంటోలో నాలాంటివాడికి ఒక సుఖం ఉంది. ఐస్ హాకీలో పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే మేపుల్ లీఫ్స్‌దీ, దాని కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో ఆడే వాళ్ల కింది జట్టు మార్లీస్‌దీ ఒకే ఊరు. లీఫ్స్ టికెట్టు నా జేబుకి అందదు కాబట్టి మార్లీస్ ఆటే ఎక్కువ చూస్తాను. అందుకే మార్లీస్ నుంచి ఎవరినైనా పైకి, లీఫ్స్‌లోకి పిలిచారన్న వార్త రాగానే ఆఫీసులో అందరూ ఫోన్లు తీసి వాడి గోల్స్ లెక్కపెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రంజీలో దంచి టెస్టుల్లో తడబడినవాళ్లు మనకి కొత్తా? ఇక్కడ ఇంకో తిరకాసు కూడా ఉంది. కింద మొదటి లైన్‌లో (లైన్ అంటే కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు దాడి ఆటగాళ్లు), అవతలి జట్టుకి ఒకడు తక్కువైనప్పుడు దొరికే పవర్ ప్లేలో ఆడుతూ గోల్స్ కొట్టిన కుర్రాణ్ణి పైకి తెచ్చి చాలాసార్లు ఆఖరిదైన ఫోర్త్ లైన్‌లో పడేస్తారు, మ్యాచ్ మొత్తంలో ఏడెనిమిది నిమిషాలు దొరికితే గొప్ప, అదీ గోల్స్ కొట్టే పని కాదు, అవతలివాళ్లని కొట్టనివ్వకుండా ఆపే పని. మంచు మైదానం రెండు చోట్లా 200 అడుగుల పొడవే, 85 అడుగుల వెడల్పే. కాకపోతే పైన పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందుకుని ఆలోచించే లోపే ఎవడో మీద పడిపోతాడు.

నేను చూసేది ఒకటే, పక్ తన దగ్గరికి రాకముందు వాడేం చేస్తున్నాడని. భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూశాడా? సొంత గోల్ వైపు, మైదానం చుట్టూ ఉండే బోర్డుల దగ్గర ఇరుక్కున్నప్పుడు పక్‌ని ఎలాగోలా బయటికి నెట్టాడా, లేక అందంగా పాస్ ఇద్దామని పోయి పోగొట్టుకున్నాడా? నలభై అయిదు సెకన్లు కాగానే ఇంకొకడికి చోటిచ్చి బెంచికి వచ్చాడా? కోచ్ ఏమనుకుంటున్నాడో కూడా ఇట్టే తెలిసిపోతుంది. ఆఖరిదైన మూడో పీరియడ్‌లో ఒక్క గోల్ ఆధిక్యం ఉన్నప్పుడు వాణ్ణి బెంచి మీదే కూర్చోబెడితే ఇంకా నమ్మకం కుదరలేదన్నమాట.

గోల్ కాసే గోలీల దగ్గర మాత్రం నా తెలివితేటలన్నీ ఆవిరే. 2014-15లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఒటావా గోలీలిద్దరికీ దెబ్బలు తగిలితే ఆండ్రూ హామండ్ ఆడాల్సి వచ్చింది. ఒటావా కింది జట్టు బింగ్‌హామ్టన్‌లో మ్యాచ్‌కి సగటున 3.51 గోల్స్ ఇచ్చుకున్నవాడు, ఒటావాకి 20 గెలిపించాడు, మామూలు సమయంలో ఒక్కటే ఓటమి, ఇంకో రెండు మామూలు సమయం దాటాక పోయాయి. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఆ తర్వాత ఏ జట్టులోనూ అతను మొదటి గోలీగా కుదురుకోలేదు. మరోపక్క 2011లో డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) ఎంపికైన గోలీ జోర్డన్ బినింగ్టన్ ఏళ్ల తరబడి కిందే మగ్గాడు. 2019 జనవరిలో అతని జట్టు సెయింట్ లూయిస్ ఎన్‌హెచ్‌ఎల్‌లో దాదాపు అట్టడుగున ఉన్నప్పుడు మొదటిసారి మ్యాచ్ మొదట్నుంచీ ఆడించారు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, జూన్‌కల్లా ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ చేతిలో ఉంది.

ఆ ఇద్దరి మొదటి వారం చూపించి ఎవడు నిలబడతాడో చెప్పమని ఉంటే, నేను నిస్సంకోచంగా తప్పే చెప్పేవాణ్ణి.