బాండ్ గతం చాలు, ఇక అతని పని చూపించాలి

2021లో విడుదలైన 'నో టైమ్ టు డై' చివర్లో బ్రిటిష్ గూఢచారి జేమ్స్ బాండ్ ఒక దీవి మీద క్షిపణుల దాడిలో మరణించాడు. 1962లో 'డాక్టర్ నో'తో మొదలుపెట్టి ఈయాన్ ప్రొడక్షన్స్ నిర్మించిన 25 సినిమాల్లో బాండ్ చనిపోయాడని శత్రువులు పొరబడిన సందర్భాలు ఉన్నాయి గాని, అతను నిజంగా చనిపోవడం అదే మొదటిసారి. ఆ సినిమాకు పనిచేసినవారి పేర్లన్నీ తెర మీద పడిన తరువాత, జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడన్న పాత వాక్యమే కనిపించింది. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందన్న విషయం మీద అభిమానులు అప్పటినుంచీ వాదించుకుంటూనే ఉన్నారు.

2025 ఫిబ్రవరిలో ఆ వాదనకు మరింత బలం చేకూరింది. తొలి నిర్మాతల్లో ఒకరైన ఆల్బర్ట్ బ్రాకొలీ కాలం నుంచి ఈ సినిమాలను ఒక కుటుంబ వ్యవహారంగా నడుపుతూ వచ్చిన బార్బరా బ్రాకొలీ, మైకేల్ జి. విల్సన్‌లు యాజమాన్యంలో తమ వాటాను ఉంచుకుంటూనే, సృజనాత్మక నిర్ణయాధికారాన్ని అమెజాన్ ఎంజీఎం స్టూడియోస్‌కు అప్పగించారు. ఆ తరువాత కొద్ది నెలల్లోనే ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్ నిర్మాతలుగా, డెనీ విల్నోవ్ దర్శకుడిగా, స్టీవెన్ నైట్ రచయితగా ప్రకటితులయ్యారు. తదుపరి బాండ్ ఎవరన్న ప్రశ్న చుట్టూనే ఎక్కువ మాటలు నడుస్తున్నాయి. నా దృష్టిలో అది ఈ చర్చలో అన్నిటికంటే చిన్న ప్రశ్న. 2005లో డేనియల్ క్రెయిగ్ పేరు ప్రకటించినప్పుడు అతని జుట్టు రంగు బాండ్‌కు తగదని, సినిమాను బహిష్కరించాలని పిలుపునిచ్చిన అభిమానులు ఉన్నారు. మరుసటి ఏడాది 'క్యాసినో రాయల్' చూసిన తరువాత ఆ అభ్యంతరం దాదాపుగా వినిపించకుండా పోయింది. కథ సరిగ్గా ఉంటే నటుణ్ణి ప్రేక్షకులు అంగీకరిస్తారు. కాబట్టి ఎలాంటి కథ కావాలన్నదే అసలు ప్రశ్న.

ఈ సినిమాల చరిత్రలో ఒక క్రమం ఉంది. ఆర్భాటం హద్దు దాటిన ప్రతిసారీ నిర్మాతలు మళ్లీ నేల మీదికి దిగివచ్చారు. 1967లో 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' అగ్నిపర్వతం లోపల రాకెట్ కేంద్రాన్ని చూపించిన తరువాత, 1969లో జార్జ్ లాజెన్‌బీతో తీసిన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్', బాండ్‌ను సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ నవలను దాదాపు ఉన్నదున్నట్లుగా అనుసరించింది. 1979లో 'మూన్‌రేకర్' బాండ్‌ను అంతరిక్షానికి పంపింది. రెండేళ్లకే 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో అదే రోజర్ మూర్ తాడు పట్టుకుని, గ్రీసులో నిటారైన కొండను ఒక్కొక్క అడుగుగా ఎక్కవలసి వచ్చింది. 2002లో 'డై అనదర్ డే' కంటికి కనిపించని కారును, మంచుతో కట్టిన మహలును చూపిస్తే, 2006లో కథ ఒక పేకాట బల్ల దగ్గరకు వచ్చి ఆగింది. ఇప్పుడు కూడా అలాంటి మలుపే రావాలని అభిమానుల్లో చాలామంది కోరుకుంటున్నారు. నేనూ కోరుకుంటున్నాను. అయితే ఈసారి హద్దు దాటినవి యంత్రాలూ విన్యాసాలూ మాత్రమే కావు. బాండ్ సొంత జీవితం హద్దు దాటింది.

క్రెయిగ్ నటించిన అయిదు సినిమాల మీద నాకు గౌరవం ఉంది. 'క్యాసినో రాయల్' ఈ వరుసలోని అత్యుత్తమ చిత్రాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. అందులో బాండ్ ప్రేమించిన వెస్పర్ లిండ్ చేసిన ద్రోహం, ఆమె మరణం బాండ్‌ను ఎందుకు అంత కఠినుడిగా మార్చాయో మనకు అర్థమవుతుంది. ఆ ఒక్క గాయం ఆ పాత్రకు సరిపోతుంది. కాని 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' ఆ గాయాన్నే కొనసాగించింది. 'స్కైఫాల్' అతన్ని స్కాట్లాండ్‌లోని తల్లిదండ్రుల ఇంటికి తీసుకువెళ్లి, అమ్మ వంటి పై అధికారి ఎమ్‌ను అతని చేతుల్లోనే చనిపోనిచ్చింది. ఈ వరుసలో ప్రపంచవ్యాప్త వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటిన మొదటి సినిమా అదే కావడంతో, బాండ్ గతాన్ని తవ్వడమే విజయ రహస్యమని నిర్మాతలు భావించారేమో అనిపిస్తుంది. 'స్పెక్టర్'లో బ్లోఫెల్డ్, బాండ్‌ను కొంతకాలం పెంచిన వ్యక్తి కొడుకుగా తేలాడు; అంతకుముందు జరిగిన కష్టాలన్నిటికీ అతని అసూయే మూలమని చెప్పారు. లోకాన్ని గుప్పిట పెట్టుకోగల ఒక రహస్య సంస్థ అధిపతి, చిన్ననాటి తండ్రి ప్రేమ తగువు తీర్చుకోవడానికి ఇదంతా నడిపాడని చెప్పడం వల్ల విలన్ చిన్నవాడయ్యాడు, లోకమూ చిన్నదయింది. చివరికి 'నో టైమ్ టు డై'లో కూతురు, త్యాగం, మరణం. ఒక నటుడి ప్రస్థానానికి అది గంభీరమైన ముగింపే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ దారిలో ఇంకా ముందుకు వెళ్లడానికి చోటు లేదు.

నేను కోరుకునే బాండ్ ఎలా ఉంటాడో చెప్పడానికి 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' కంటే మంచి ఉదాహరణ దొరకదు. రహస్య లిపిని విప్పే ఒక సోవియట్ యంత్రాన్ని ఇస్తాంబుల్ నుంచి తీసుకురావాలి. అది వల అని తెలిసి కూడా బాండ్ వెళ్తాడు. కథ అంతే. అతని తల్లిదండ్రుల గురించి గాని, బాల్యం గురించి గాని ఒక్క మాటా ఉండదు. అయినా సినిమా ముగిసేసరికి అతను ఎలాంటివాడో మనకు స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే అతను హోటల్ గదిలోకి అడుగుపెట్టగానే దాచిన మైకుల కోసం ఎలా వెతుకుతాడో, మిత్రుడు కెరీమ్ బే చనిపోయినప్పుడు దుఃఖాన్ని ఎలా దిగమింగుకుని పని కొనసాగిస్తాడో చూశాము. ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ రైలులో సహోద్యోగిగా నటిస్తున్న హంతకుడు చేపలతో పాటు రెడ్ వైన్ తెప్పించుకుంటాడు. ఆ పొరపాటును తాను అప్పుడే గుర్తించి ఉండవలసిందని బాండ్ తరువాత గ్రహిస్తాడు. పాత్రను పనిలో నుంచి చెక్కడం అంటే ఇదే. 1966లో కృష్ణ 'గూఢచారి 116'గా వచ్చి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్న రోజుల్లో మన ప్రేక్షకులను ఆకర్షించింది కూడా, నాకు తెలిసినంతలో, హీరో మనసులోని పాత గాయాలు కావు. ఒప్పుకున్న పనిని ప్రాణాలకు తెగించి పూర్తిచేసే అతని నేర్పే.

ఇక్కడ అభిమానుల్లోని ఒక బలమైన వర్గం నాతో సగం దూరమే కలిసి వస్తుంది. పని కథే కావాలి గాని దాన్ని 1950ల నాటి ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, నవలల నేపథ్యంలోనే తీయాలన్నది వారి వాదం. మొబైల్ ఫోన్లు, నిఘా కెమెరాలు ఉన్న లోకంలో ఒంటరి గూఢచారికి చోటు లేదని వారు అంటారు. ఆ వాదంలో ఆకర్షణ ఉంది, కాని ఈ సినిమాల స్వభావానికి అది విరుద్ధమని నా అభిప్రాయం. 1961లో లండన్ నేషనల్ గ్యాలరీ నుంచి గోయా గీసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ చిత్రం దొంగతనానికి గురైతే, మరుసటి ఏడాది 'డాక్టర్ నో'లో అదే చిత్రం విలన్ గుహలో కనిపించింది. ఆనాటి ప్రేక్షకులు నిన్నటి వార్తను తెర మీద చూశారు. ఇంధన సంక్షోభం నడిచిన రోజుల్లో, 1974లో, సౌరశక్తి యంత్రం కోసం కథ నడిచింది. సోవియట్ యూనియన్ కూలిన తరువాత వచ్చిన 'గోల్డెన్ ఐ' ఆ కూలిన విగ్రహాల మధ్యనే తిరిగింది. తన కాలాన్ని వదిలిపెట్టిన బాండ్ అందమైన వస్తు ప్రదర్శన అవుతాడు. నిఘా కెమెరాల సమస్యకు పరిష్కారం రచయిత వెతకాలి; ఒక మనిషి కనిపించకుండా ఉండటం కష్టమైన కొద్దీ గూఢచారి కథలో ఉత్కంఠ పెరగాలే గాని తగ్గకూడదు.

చనిపోయినవాడు ఎలా తిరిగివస్తాడన్న ప్రశ్నకు కొందరు ఒక పాత సిద్ధాంతాన్ని మళ్లీ తెస్తున్నారు: జేమ్స్ బాండ్ అన్నది ఒక ఉద్యోగానికి ఇచ్చే మారుపేరని, నటుడు మారిన ప్రతిసారీ కొత్త మనిషి వచ్చాడని. ఇది సినిమాల్లోని సాక్ష్యానికే నిలవదు. లాజెన్‌బీ బాండ్ పెళ్లాడిన ట్రేసీ సమాధి దగ్గరకు 1981లో మూర్ బాండ్ పువ్వులు తీసుకుని వెళ్తాడు. 'స్కైఫాల్'లో తల్లిదండ్రుల సమాధి రాయి మీద బాండ్ అన్న ఇంటిపేరే ఉంటుంది. ఏ వివరణా ఇవ్వకుండా కొత్త సినిమా మొదలుపెట్టడమే మేలు. బాండ్ ఆఫీసుకు వస్తాడు, ఎమ్ పని అప్పగిస్తాడు. పదవిలో చేరిన మొదటి రోజు కథ మనకు అక్కర్లేదు, అది 2006లో బాగా చెప్పారు.

అమెజాన్ ఈ పాత్ర చుట్టూ సిరీస్‌లు, ఉపకథలు అల్లుతుందేమోనన్న భయం చాలామందిలో ఉంది, అది నిరాధారమైన భయం కాదు. ఇంతకుముందు కూడా 'డై అనదర్ డే'లో హ్యాలీ బెరీ పోషించిన జింక్స్ పాత్రతో విడిగా సినిమా తీయాలనుకుని విరమించుకున్నారు. పైగా హక్కుల గడియారం కూడా నడుస్తోంది. ఫ్లెమింగ్ 1964లో మరణించాడు; రచయిత మరణానంతరం 60 ఏళ్ల రక్షణ ఇచ్చే మన దేశ చట్టం ప్రకారం ఆయన జీవించి ఉండగా వెలువడిన నవలల కాపీరైట్ 2024తో ముగిసింది, 70 ఏళ్లు లెక్కించే బ్రిటన్‌లో 2034 చివరితో ముగుస్తుంది. ఆ గడువు లోపల వీలైనంత రాబట్టుకోవాలన్న తొందర ఒక పెద్ద కంపెనీకి కలగడం సహజం. కాని నవలలు అందరివీ అయిన రోజున ఈ సినిమాలకు మిగిలే ప్రత్యేకత, జాన్ బారీ సంగీతం, మారిస్ బైండర్ రూపొందించిన తుపాకీ గొట్టపు దృశ్యం, కెన్ ఆడమ్ సెట్ల వంటి పనితనం కూడబెట్టిన పేరే. ఏడాదికో ఉపకథ తీస్తే ఆ పేరు తరిగిపోతుంది.

విల్నోవ్ ఎంపిక నాకు సంతోషాన్నిచ్చింది. 'సికారియో'లో అమెరికా, మెక్సికో సరిహద్దు దగ్గర ట్రాఫిక్‌లో నిలిచిపోయిన కార్ల మధ్య ఆయన నడిపిన దృశ్యంలో, తుపాకులు పేలడం కంటే అవి పేలే ముందు నిమిషాలే భయపెడతాయి. బాండ్ సినిమాకు కావలసిన నేర్పు అదే. నా ఆందోళన నైట్ విషయంలో ఉంది. 'పీకీ బ్లైండర్స్'లో ఆయన యుద్ధపు గాయాలను, కుటుంబ బంధాలను అద్భుతంగా రాశారు, ఆ బలమే ఇక్కడ ఆయన్ను మళ్లీ బాండ్ బాల్యం వైపు లాగవచ్చు. వీరిద్దరికీ గాంభీర్యం కొత్త కాదు గాని, ప్రమాదం మధ్యలో కూడా మంచి భోజనాన్ని, మంచి మాటను ఆస్వాదించే బాండ్ ఉల్లాసాన్ని వీరు పట్టుకోవాలి. క్రెయిగ్ చివరి సినిమా 163 నిమిషాలు నడిచింది. ఈ వరుసలో మొదటిదైన 'డాక్టర్ నో' రెండు గంటల లోపే ముగిసింది. ఒక పని, దాన్ని అడ్డుకునే తెలివైన విలన్, రెండు గంటల నిడివి ఉంటే, తెర మీద ఎవరు ఉన్నా నేను మొదటి రోజే టికెట్ కొంటాను.