సారాంశం రాసే ముందు చదివిన సారాంశాలు

బరంపురంలోని తెలుగు చేనేత కుటుంబాల చరిత్రపై నా సిద్ధాంత వ్యాసం పూర్తయ్యాక మిగిలింది సారాంశం ఒక్కటే. అంత రాసినవాళ్లకు రెండు పేజీలు ఒక లెక్కా అనుకుంటారు. నాకు అన్నిటికంటే కష్టమైనవి ఆ రెండు పేజీలే.

గ్రంథాలయంలో మా విభాగం పాత వ్యాసాలు తీసి చూస్తే దాదాపు అన్నిటిదీ ఒకటే పోకడ. మొదటి అధ్యాయంలో భౌగోళిక నేపథ్యం వివరించడమైనది, రెండో అధ్యాయంలో ఆర్థిక పరిస్థితి చర్చించడమైనది, ఇలా చివరిదాకా. ఇంతకీ ఆ పరిశోధనలో తేలింది ఏమిటో మాత్రం ఎక్కడా ఉండదు. ఏళ్ల శ్రమను విషయసూచికగా మార్చి అప్పగించడం నాకు అన్యాయంగా తోచింది.

అందుకే దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు ఉండే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో (ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది) ఇతర శాఖల సారాంశాలు చదవడం మొదలుపెట్టాను. రసాయన శాస్త్రంలో ఏ పదార్థం, ఏ ఉష్ణోగ్రత, ఎంత శాతం దిగుబడి అన్నది అంకెలతో సహా అక్కడే ఉంటుంది. గణితంలో నేపథ్యం ఒకటి రెండు మాటలే. ఈ షరతులుంటే ఈ ఫలితం వస్తుందని చెప్పి ఊరుకుంటారు, నిరూపణ లోపల చూసుకోవాలి. వైద్యంలో లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, నిర్ధారణ అని విడివిడి శీర్షికలు. 1987లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన ప్రతిపాదనతో ఆ పద్ధతి ఊపందుకుంది. ఆ ఫలితం తన రోగికి వర్తిస్తుందా లేదా అన్నది వైద్యుడు వెంటనే తేల్చుకోవాలి కదా! ఎంతమంది రోగులు, వాళ్లను ఎలా ఎంచుకున్నారు అన్నది అందుకే ముందే చెబుతారు.

మా సమీక్ష సమావేశంలో ఒకరు చరిత్రకూ అవే శీర్షికలు పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక లెక్కల పుస్తకం ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు అన్నది చరిత్రలో పద్ధతీ అవుతుంది, ఫలితమూ అవుతుంది. రెండింటినీ విడదీస్తే వాదన చెదిరిపోతుంది. మా గైడుగారు నా పక్షాన నిలిచారు. తరవాత గదిలో కూర్చోబెట్టి, “శీర్షికలు వద్దులే అమ్మా, కానీ వాళ్ల సూటిదనం తీసుకో. తేలినదేమిటో మొదటి పేరాలోనే చెప్పు” అన్నారు.

అలాగే రాశాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయినా, నేను చూసిన ఇళ్లలో మగ్గం లెక్కలు చాలాకాలం తెలుగులోనే సాగాయి. అదే నా మొదటి వాక్యం. దాని వెనకే ఆధారాలు: కుటుంబాల లెక్కల పుస్తకాలు, పెద్దవాళ్లు చెప్పిన సంగతులు. ఆ వెంటనే హద్దులు: ఈ మాట నేను తిరిగిన వీధులకే తప్ప గంజాం జిల్లా అంతటికీ చెప్పడం లేదని.

తీసేయడానికి మనసొప్పనిది బరంపురం పట్టు గురించిన పేరా. గుడి గోపురాల్లా కుంభాలు తీర్చిన ఆ అంచంటే నాకు ప్రాణం, దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. గైడుగారు పెన్సిలుతో నిలువుగా గీత గీసి, “ఇది నువ్వు కనుక్కున్నది కాదు” అని పక్కన రాశారు. నిజమే. ఆ చోటులో వీధుల పేర్లు, బరంపురం, బ్రహ్మపూర్ అన్న రెండు పేర్లూ చేర్చాను. వ్యాసం తెరవని వాళ్లకు కూడా వెతికితే సారాంశమే దొరుకుతుంది. మా వాళ్లు ఫలానా చోట ఉన్నారని అందులో లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చూసే పోలికల పరీక్ష సాఫీగానే గడిచింది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉన్నా ఇబ్బంది లేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు సారాంశం చేతిలో పట్టుకునే మొదటి ప్రశ్న వేశారు: ఆ లెక్కల్లో ఆడవాళ్ల చేతిరాత ఎంత ఉంది? నాలుగో అధ్యాయం తెరిచి, అత్తగారి రాత, కోడలి రాత ఒకే పేజీలో ఉన్న ఫొటో చూపించి జవాబు మొదలుపెట్టాను.