పెండ్లిపత్రికల వెనక జీఆర్‌ఈ మాటలు

అమెరికా వంటి దేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదువుతున్నానని చెప్పగానే మా విశ్వవిద్యాలయంలో సీనియర్లు మొదట చేతిలో పెట్టేది వేల ఇంగ్లీషు మాటలున్న ఒక జిరాక్సు కట్ట. అది ఎవరి దగ్గర పుట్టి ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ‘ఎ’ అక్షరం పుటల నిండా పెన్ను గీతలు, నక్షత్రం గుర్తులు, చాయ్ మరకలు ఉంటాయి. ‘డి’ దాటిన తరువాత కాగితం కొత్తగా మెరుస్తుంది. అందువల్ల తిరుపతిలో ఈ పరీక్షకు కూర్చోవాలనుకున్న ప్రతివారికీ ‘అబేట్’ అంటే తగ్గడమని నిద్రలో లేపి అడిగినా తెలుసు గాని, ‘జీలట్’ దాకా వెళ్లినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆ కట్టను తయారుచేసినవారిని తప్పుపట్టడానికి లేదు. 2011 ఆగస్టుకు ముందు పరీక్షలో ఒక మాటను ఒంటరిగా ఇచ్చి దాని వ్యతిరేకపదం ఏదని అడిగేవారు. రెండు మాటల మధ్య ఉన్న సంబంధాన్ని చూపించి, అలాంటి సంబంధమే ఉన్న మరొక జంటను గుర్తించమనేవారు. అప్పుడు అర్థం బట్టీపట్టినవారికి మార్కులు పడేవి. ఆ నెలలో ఈ రెండు రకాల ప్రశ్నలనూ తీసివేశారు. 2023 సెప్టెంబరులో పరీక్షను మరింత కుదించి 1 గంట 58 నిమిషాలకు తెచ్చారు. ఇప్పుడు వెర్బల్ భాగం, అంటే ఇంగ్లీషు భాషను పరీక్షించే భాగం, మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో ఇంచుమించు సగం పేరాలు చదివి జవాబు చెప్పేవి, మిగిలినవి వాక్యంలో ఖాళీలు పూరించేవి. మాట ఎక్కడ ఎదురైనా వాక్యంలోనే ఎదురవుతుంది. పరీక్ష మారి ఇంతకాలమైనా మన జిరాక్సు కట్ట మాత్రం మారలేదు.

అందుకే నేను అట్టముక్కల పద్ధతికి వచ్చాను. ఇంట్లో పేరుకుపోయిన పెండ్లిపత్రికలను చదరంగా కత్తిరించి, వెనకవైపున ఒక మాటనూ, ఆ మాట ఉన్న ఒక పూర్తి వాక్యాన్నీ రాసుకుంటాను. ఒకవైపు ‘శ్రీరస్తు శుభమస్తు’, మూలన పసుపు బొట్టు, మరొకవైపు ‘గారులస్’. ఈ ఉదయం కత్తెర చేతిలో ఉండగా అమ్మ వచ్చి, “అన్ని పత్రికలూ కోసేస్తా ఉండావే, ఎవురి పెండ్లి ఏ దినమో నాకెట్ల తెలిసేది?” అని అడిగింది. జరిగిపోయిన పెండ్లిళ్లవే కోస్తున్నానని ఒక్కొక్కటిగా చూపించిన తరువాత గాని అమ్మ నన్ను వదల్లేదు.

ఆ అట్టముక్కలను గదులున్న మిఠాయి డబ్బాలో సర్దుతాను. జ్ఞాపకమున్న మాట తరువాతి గదిలోకి పోయి కొన్నాళ్లకు గాని తిరిగి కనిపించదు; మరచిన మాట మొదటి గదికి వచ్చి మరునాడే నిలదీస్తుంది. 1972లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దీని వెనకనున్న సంగతిని అంతకు చాలా ముందు, 1885లోనే, జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు: కొత్తగా నేర్చినది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుంది, ఆ తరువాత మరపు వేగం తగ్గుతుంది. ఆయన అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేశాడట. వాక్యం లేకుండా మాటలు వల్లెవేసే మనం చేస్తున్నది కూడా దాదాపు అదే.

చంద్రగిరి నుంచి వచ్చే పల్లెవెలుగులో ఈ రోజు కిటికీ పక్కన సీటు దొరికింది. వాక్యంలోని ఖాళీకి ఆరు మాటలిచ్చి రెండింటిని ఎంచుకోమనే ప్రశ్నలను అక్కడే సాధన చేశాను. ఒక వాక్యం ఇలా ఉంది: సాధారణంగా ఫలానా స్వభావం గల అధికారి నిన్నటి సమావేశాన్ని రెండు ముక్కల్లో ముగించడం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఇచ్చిన మాటల్లో ‘గారులస్’, ‘లొక్వేషస్’ అనే వాగుడు జంట ఉంది, ‘లకోనిక్’, ‘టాసిటర్న్’ అనే మితభాషి జంట కూడా ఉంది. నాలుగింటి అర్థాలూ తెలిసినంత మాత్రాన ఇక్కడ ఏమీ తేలదు. ఆశ్చర్యపోయారంటే ఆయన మామూలుగా అందుకు విరుద్ధంగా ఉంటాడన్న తర్కమే వాగుడు జంటను పట్టిస్తుంది. పైగా జంటలో ఒకటి సరిగా గుర్తించి రెండవది తప్పితే సగం మార్కు కూడా రాదు. ‘దో’, ‘డిస్పైట్’, ‘ఫార్ ఫ్రమ్’ వంటి, వాక్యాన్ని మలుపు తిప్పే చిన్న మాటలకే నేను ఎర్రసిరా వాడడానికి కారణం ఇదే.

లాటిన్, గ్రీకు ధాతువులు నేర్చుకుంటే చాలునని చెప్పేవారున్నారు. ‘బెనె’ అంటే మంచి, ‘మల్’ అంటే చెడు అని తెలిస్తే కొన్ని మాటలు తేలికగా లొంగే మాట నిజమే. కాని ‘ఎనర్వేట్’ను చూసి శక్తినివ్వడం అనుకునేవారే ఎక్కువ, దాని అర్థం నీరసింపజేయడం. అందుచేత ధాతువును ఊహకు వాడుకోవచ్చునే గాని సాక్ష్యంగా తీసుకోకూడదు.

సాయంత్రం మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ గారి ఇంటికి వెళ్లాను. అట్టముక్కలను తిరగేసి, వెనకనున్న వధూవరుల పేర్లు కూడా ఓపికగా చదివి, “ఏం పాపా, ఎవురైనా వచ్చి నీకు క్వాలిఫైడ్ సపోర్ట్ ఇస్తామంటే సంతోషపడతావా?” అని అడిగారు.

“అర్హత ఉన్నవాళ్ల మద్దతే కదా సార్?”

“కాదు పాపా. షరతులు పెట్టి, ముక్కుతూ మూలుగుతూ ఇచ్చే మద్దతు అది. గారులస్‌ను చూస్తే నువ్వే జాగ్రత్త పడతావు, క్వాలిఫైని చూసి ఎవురు జాగ్రత్త పడతారు?”

ఆ తరువాత ఆయన అలాంటివే వరుసగా చెప్పుకుపోయారు. మనకు ‘శాంక్షన్’ అనగానే బ్యాంకులో లోను మంజూరు కావడం గుర్తుకు వస్తుంది. ఒక దేశం మీద మరొక దేశం విధించే ఆంక్షలకూ అదే మాట. ‘టెంపర్’ కోపమే కాదు, తీవ్రతను తగ్గించడం కూడా. ‘ఫ్లాగ్’ అంటే నీరసించడం, ‘వాంట్’ అంటే లేమి, ‘అరెస్ట్’ అంటే ఆపివేయడం. ఇవన్నీ హైస్కూలు నుంచీ ఎరిగిన ముఖాలు కాబట్టి జిరాక్సు కట్టలో వీటికి చోటు దక్కలేదు. నా లెక్కలో పరీక్ష దెబ్బతీసేది వీటితోనే. ఇకమీదట నా అట్టముక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటి మాటలకే కేటాయించదలచుకున్నాను.

రేపటిలోగా దినపత్రిక సంపాదకీయాల నుంచి ఇటువంటివి మరికొన్ని వెతికి తెమ్మన్నారు. భోజనమయ్యాక కూర్చుంటే ‘చెక్’ దొరికింది, అదుపు చేయడమనే అర్థంలో. ‘టేబుల్’ దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు వాడుకలో ఒక తీర్మానాన్ని టేబుల్ చేశారంటే చర్చకు పెట్టినట్టు, అమెరికాలో అయితే చర్చను పక్కనపెట్టినట్టు. పరీక్ష అమెరికా వారిది, నేను చదివే పత్రికలది బ్రిటిష్ ఇంగ్లీషు. అట్టముక్క మీద ఏ వాక్యం రాయాలో సార్‌ను అడగాలి.