దేశీ పత్తి, అమెరికన్ పత్తి ఎందుకు కలవవు?

మా నడిగడ్డలో (గద్వాల వైపు) సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి, చేలో పనిచేసినవాళ్లకు పువ్వు లోపల ఏముంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే చూసుకుని, బొటనవేలి గోరుతో అడుగున చుట్టూ గాటు పెట్టి, రేకులూ పుప్పొడి తిత్తులూ కలిపి ఒలిచేస్తాం. నడుమ కీలం మాత్రం నిలవాలి. గోరు కాస్త లోతుగా దిగిందంటే ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి కీలం కొసన రుద్దుతాం. దీన్నే క్రాసింగ్ అంటాం. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతున్నాను. జాతులు ఎలా వేరవుతాయన్న పాఠం వచ్చినప్పుడల్లా పత్తి దగ్గరే మొదలుపెడతాను.

తమలో తాము కలిసి సంతానాన్ని కనగలిగి, వేరే గుంపులతో అలా కలవలేనివి ఒక జాతి అని జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పాడు. పిల్లలు దీన్ని బట్టీ పట్టేస్తారు. కలవలేకపోవడం అంటే ఏ దశలో, ఏం జరిగి ఆగిపోతుందో మాత్రం అడగరు.

మనుషులు సాగుచేసే పత్తి నాలుగు జాతులు. ఆసియా, ఆఫ్రికాల వైపువి ఆర్బోరియం, హెర్బేషియం; మనం దేశీ పత్తి అనేది వీటినే. వీటి కణంలో 26 క్రోమోజోములు. అమెరికా ఖండాలవి హిర్సూటం, బార్బడెన్స్; ఇవి అమెరికన్ పత్తి. వీటికి 52. పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి, పునాస పత్తి మొదటి కోవలోవి. ఇవాళ మన చేలను నింపేసిన బీటీ పత్తి రెండో కోవలోది.

ఈ రెండు కోవలకూ క్రాసింగ్ చేస్తే పుప్పొడి మొలకెత్తుతుంది, ఒక్కోసారి ఫలదీకరణ కూడా జరుగుతుంది. కానీ కొద్ది రోజులకే పిందె రాలిపోతుంది. పిండానికి ఆహారం అందించాల్సిన అంకురచ్ఛదం లోపలే చెడిపోతుంది. హార్మోన్లు పూసి కాయను నిలబెట్టి, పిండాన్ని తీసి ల్యాబులో పెంచితే మొక్క వస్తుంది. ఎదుగుతుంది, పూస్తుంది, గింజ మాత్రం కట్టదు. ఒక్కో వైపు నుంచి సగమే వస్తాయి కాబట్టి దానిలో ఉన్నవి 39 క్రోమోజోములు: దేశీ వైపు నుంచి 13, అమెరికన్ వైపు నుంచి 26. పుప్పొడి తయారయ్యే వేళ క్రోమోజోములు జతకట్టాలి. ఇక్కడ 13 జత దొరక్క మిగిలిపోయి ఎటుపడితే అటు చేరతాయి. ఆ పుప్పొడి ఎందుకూ పనికిరాదు.

అసలు 52 ఎక్కడి నుంచి వచ్చాయన్నది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని కథ. అమెరికన్ పత్తి 26 జతల్లో 13 పెద్దవి, 13 చిన్నవని 1930లలో శాస్త్రవేత్త స్కోవ్‌స్టెడ్ గమనించాడు. పెద్దవి మన దేశీ పత్తివాటిలా, చిన్నవి అమెరికా అడవి పత్తివాటిలా ఉన్నాయి. 1940లో బీస్లీ అనే శాస్త్రవేత్త దేశీ పత్తిని అమెరికా అడవి పత్తితో (దీనికీ 26 క్రోమోజోములే) కలిపాడు. గొడ్డు మొక్క వచ్చింది. దానికి కొల్చిసిన్ పెట్టి క్రోమోజోములను రెట్టింపు చేశాడు (మన కంచెల మీద ఎర్రగా పూసే అడవి నాభిలోనూ ఉండే మందే అది). ప్రతి క్రోమోజోముకూ జత దొరికింది, మొక్క ఫలవంతమైంది, సాగులో ఉన్న అమెరికన్ పత్తితోనూ కలిసింది.

ప్రకృతిలో ఇదే పని సుమారు పది ఇరవై లక్షల ఏళ్ల కిందట జరిగింది. అలా రెట్టింపైన మొక్క తన తల్లిదండ్రుల్లో ఎవరితో కలిసినా మళ్లీ 39, మళ్లీ గొడ్డే. అంటే పుట్టిన నాడే ఇద్దరికీ పరాయిదైపోయింది. కొత్త జాతి రావాలంటే కొండో నదో అడ్డుపడి వేల తరాలు గడవాలని పాఠాల్లో చెబుతాం. ఇక్కడ ఆ అవసరమే పడలేదు.

హిర్సూటం, బార్బడెన్స్‌ల సంగతి వేరు. రెండింటికీ 52 కాబట్టి హాయిగా కలుస్తాయి. 1972లో కర్ణాటకలో విడుదలైన వరలక్ష్మి అలా వచ్చిన హైబ్రిడ్డే, మంచి సన్న పింజె. కానీ దాని గింజ దాచి మళ్లీ వేస్తే చేనంతా చెదిరిపోతుంది: ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కొన్ని బలహీనం. "అయితే అవి రెండు జాతులా, ఒకటా మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది. రెండే అన్నాను. విడిపోవడం ఇంకా పూర్తికాలేదు, అంతే.

దేశీ పత్తి పచ్చదోమనూ ఆకుముడత వైరస్‌నూ బాగా తట్టుకుంటుంది. ఆ గుణాలను అమెరికన్ పత్తికి ఎక్కించాలంటే 39ని రెట్టింపు చేసి 78 క్రోమోజోముల మొక్కను తయారుచేసి, దాన్ని తరం తర్వాత తరం అమెరికన్ పత్తితోనే కలుపుతూ పోవాలి. ఏళ్లు పట్టే పని. అయినా అది సాధ్యపడుతోందంటే, అమెరికన్ పత్తిలోని ఆ 13 పెద్ద జతలు దేశీ క్రోమోజోములను ఇప్పటికీ తమ జతగా గుర్తుపట్టడం వల్లే.