మా ఇంట్లో ఐదు పిల్లులు, నాలుగు నెలల తామర

మొదటి మచ్చ నా ఎడమ ముంజేతి లోపలివైపు వచ్చింది. దోమ కుట్టిందనుకున్నాను. నాలుగు రోజులకి అది గుండ్రంగా విచ్చుకుంది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, సన్నటి పొలుసులతో ఉంది. మధ్యలో చర్మం మాత్రం మామూలుగా తేటపడింది. చిట్టి నిద్రపోయేటప్పుడు తల ఆనించే చోటు సరిగ్గా అదే. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

చిట్టి మా ఇంటికొచ్చి అప్పటికి మూడు వారాలు. గోడవార వానలో తడుస్తూ దొరికిన ఏడు వారాల పిల్లిపిల్ల. ఇంట్లో అప్పటికే నాలుగున్నాయి: పొడుగు బొచ్చు మబ్బు, నల్లటి కాటుక, తెల్లటి చుక్క, ముసలిదైపోయిన రాణి. కొత్తగా వచ్చిన పిల్లిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలని నాకు తెలుసు. రెండు రోజులు ఉంచాను. రాత్రంతా ఏడుస్తుంటే వినలేక తలుపు తీసేశాను. ఈ నాలుగు నెలల్లో నేను ఎక్కువసార్లు తలుచుకున్నది ఆ తలుపు తీసిన రాత్రినే.

దురద ఎక్కువై, మందుల షాపులో అడిగి ఒక క్రీమ్ తెచ్చుకున్నాను. రెండో రోజుకే దురద పోయింది. వారానికి ఎరుపు కూడా తగ్గింది. పది రోజులు రాసి ఆపేశాను. ఆపిన వారంలోపే మచ్చ అరచెయ్యంత అయింది. ఈసారి గుండ్రంగా లేదు, అంచు చెదిరిపోయి అక్కడక్కడా చిన్న చిన్న పొక్కులు లేచాయి. మెడ మీద ఇంకొకటి, పొట్ట మీద రెండు. అప్పుడు వెళ్ళాను స్కిన్ డాక్టర్ దగ్గరికి.

ఆయన ముందు ఆ క్రీమ్ ట్యూబ్ చూపించమన్నారు. "ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉందమ్మా. దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్‌కి మాత్రం అడ్డు లేకుండా పోతుంది" అన్నారు. మచ్చ ఎర్రబడటం అంటే మన ఒళ్ళు ఆ ఫంగస్‌తో పోరాడుతోందని అర్థమట. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. మచ్చ రూపం కూడా మారిపోతుంది కాబట్టి చూసినవాళ్ళు తామర అని పోల్చుకోలేరు. ఆయన అంచు దగ్గర పొలుసులు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. చర్మకణాలు కరిగి తేటపడ్డాక ఫంగస్ పోగులు బయటపడతాయి. నన్నూ చూడమన్నారు. సన్నటి గాజు దారాల్లాంటివి, కొమ్మలు కొమ్మలుగా. నా చర్మంలోవి అవి. తల ఎత్తేసరికి ఆయన అడిగారు, "ఇంట్లో పిల్లులున్నాయా?"

ఇంగ్లీషులో రింగ్‌వార్మ్ అంటారు గానీ ఇందులో పురుగేమీ లేదు. పిల్లుల్లో తామరకి చాలావరకు కారణం మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్. వెంట్రుకల్లో, గోళ్ళలో, చర్మం పైపొరలో ఉండే కెరాటిన్ దానికి తిండి. పిల్లి ఒంటి మీది వెంట్రుకలు పుటుక్కున విరిగి రాలతాయి, ఒక్కో ముక్క మీద ఫంగస్ విత్తనాల్లాంటి బీజాలు లెక్కలేనన్ని. ఆ వెంట్రుకలు సోఫా మీద, దుప్పటి మీద, నా ముంజేతి మీద పడతాయి.

ఆ సాయంత్రమే చిట్టిని వెట్ దగ్గరికి తీసుకెళ్ళాను. చెవి అంచున బొచ్చు పలచబడి, బూడిద చల్లినట్టు పొలుసులున్నాయి. నేను రోజూ ముద్దు పెట్టుకునే చెవే. చూస్తూనే ఉన్నాను, మిగతా పిల్లులతో ఆడుతూ గీసుకుందిలే అనుకున్నాను. డాక్టర్ గారు లైట్లు ఆర్పి వుడ్స్ ల్యాంప్ పట్టుకున్నారు. 1903లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన ఫిల్టర్ వల్ల వచ్చిన దీపం అది, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతినిస్తుంది. ఆ వెలుగులో చిట్టి చెవి అంచు పచ్చగా మెరిసింది. మొలిచే మొక్కకుండే లేత ఆకుపచ్చ. వేళ్ళ సందుల్లో, మీసాల మొదట్లో, తోక కొసన కూడా. పగటి వెలుగులో ఏమీ లేని చోట్లు అవన్నీ. చిట్టి నా చేతుల్లో గుర్రుగుర్రుమంటూనే ఉంది.

మర్నాడు మిగతా నాలుగింటినీ తీసుకెళ్ళాను. మబ్బు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కానీ చెవుల వెనక, ఆ పొడుగు బొచ్చు అడుగున, ఐదారు వెంట్రుకలు మెరిశాయి. ఐదింటికీ కల్చర్ పరీక్ష చేశారు. కొత్త టూత్‌బ్రష్ తీసుకుని ఒళ్ళంతా దువ్వి, ఆ కుచ్చుని ప్లేటులోని మీడియం మీద అద్దుతారు. తామర ఫంగస్ పెరిగితే పసుపు మీడియం ఎర్రబడుతుంది. ఎరుపొక్కటే చాలదు, పెరిగినదాన్ని మైక్రోస్కోపులో చూసి ఖాయం చేసుకోవాలి. పూర్తి ఫలితానికి రెండు వారాలు ఆగాలి. అప్పటిదాకా ఐదింటికీ డిప్, అంటే ఒళ్ళంతా మందునీళ్ళు పట్టించడం, మొదలుపెట్టమన్నారు.

ఆ రెండు వారాల మధ్యలోనే అక్క ఫోన్ చేసింది.

"పాప తల మీద ఒకచోట జుట్టు ఊడిపోయిందే. పేనుకొరుకుడు అనుకున్నా. డాక్టర్ ఏమో పిల్లి నుంచి వచ్చిందంటున్నారు. నీకు ముందే తెలుసా?"

నాకు మాట రాలేదు. అక్క కూతురికి ఆరేళ్ళు. చిట్టి వచ్చిన మొదటి ఆదివారం దాన్ని తల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిరిగింది. పేనుకొరుకుడైతే చర్మం నున్నగా ఉంటుంది. పాప తల మీద పొలుసులున్నాయి, వెంట్రుకలు కుదుళ్ళ దగ్గర విరిగి ఉన్నాయి. తలలో వచ్చిన తామరకి క్రీమ్ సరిపోదు, మందు వెంట్రుక కుదురు లోపలికి అందదు. లోపలికి వేసుకునే మందే వాడాలి. పాపకి గ్రిసియోఫుల్విన్ రాశారు. ఈ రకం ఫంగస్ తలలో చేరితే చాలామంది డాక్టర్లు దాన్నే ఎంచుకుంటారు, ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడిస్తారు. "నాకు తెలియదక్కా, తెలిస్తే దాని దగ్గరికి రానిచ్చేదాన్నా" అన్నాను. "తెలుసుకోవాల్సింది కదే" అంది అక్క. ఆ మాట నిజమే. చాలా రోజులు మేమిద్దరం మందుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

కల్చర్ వచ్చింది. చిట్టికీ మబ్బుకీ ప్లేటు నిండా పెరిగింది. చుక్కకీ రాణికీ ఏమీ లేదు. కాటుక ప్లేటులో రెండే రెండు చుక్కలు. దాని ఒంటి మీద దీపానికి ఏదీ మెరవలేదు కదా, జబ్బు లేకుండా బొచ్చులో దుమ్ములాగా బీజాల్ని మోస్తోందేమో చూద్దామన్నారు. ఇంకోసారి డిప్ చేసి, ఆరాక మళ్ళీ బ్రష్ చేశారు. ఈసారి ఏమీ పెరగలేదు. ఈ తేడా పట్టుకోకపోయి ఉంటే దానికి వారాల తరబడి మాత్రలు మింగించేవాళ్ళం. ఎక్కువ పిల్లులున్న ఇంట్లో ఏది రోగి, ఏది మోసేది అని విడదీయడం చాలా అవసరమని నాకప్పుడు తెలిసింది.

డిప్ అంటే సున్నం, గంధకం కలిసిన లైమ్ సల్ఫర్ ద్రావణం. నీళ్ళలో కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒళ్ళంతా చర్మం దాకా తడిచేట్టు పట్టించాలి. ముఖానికి స్పాంజితో అద్దాలి. తర్వాత కడగకూడదు, ఒంటి మీదే ఆరిపోవాలి. ఆరేదాకా నాక్కోకుండా మెడకి కాలర్. వారానికి రెండుసార్లు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా నిండేది. తెల్లగా ఉండే చుక్క పసుపు రంగుకొచ్చింది. గ్లౌజు చిరిగినట్టుంది, నా వెండి ఉంగరం నల్లబడింది. ఆ వాసనకి వారంలో అలవాటు పడ్డాను. మొదటి డిప్ రోజు చిట్టి వణికిన వణుకు మాత్రం ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. నానిన బొచ్చు ఒంటికి అతుక్కుపోయి అది గుప్పెడంత అయింది. గీకలేదు, కరవలేదు. ఒక కాలితో నా బొటనవేలు గట్టిగా పట్టుకుని నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. వేడిచేసిన తువ్వాలు చుట్టి గంటసేపు గుండెకి ఆనించుకున్నాను. రెండో వారం నుంచి బాత్రూమ్‌ని ముందుగానే వెచ్చబెట్టేదాన్ని.

పైపూత ఒంటి మీది బీజాల్ని చంపుతుంది, వెంట్రుక లోపలున్న జబ్బుకి కడుపులోకి మందు వెళ్ళాలి. చిట్టికీ మబ్బుకీ ఐట్రాకొనజోల్ ఇచ్చారు, ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపడం. డోసు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, సొంతంగా ఇచ్చేది కాదు. టీ ట్రీ ఆయిల్ రాయమని తెలిసినవాళ్ళొకరు చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ అది పిల్లులకి విషం. ఇంకెవరైనా పిల్లికి రాసేముందు ఈ ముక్క చదివితే బాగుండు.

ఇల్లు శుభ్రం చేయడం గురించి నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఈ బీజాలు పద్దెనిమిది నెలల దాకా బతికి ఉండగలవని చదివి, సోఫా పారేద్దామా, ఇల్లే మారదామా అనుకుంటూ రాత్రులు మేలుకున్నాను. డాక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు, "బతికి ఉంటాయి నిజమే. కానీ దుమ్ములో పెరగవు. మీరు తీసేసినవి తీసేసినట్టే." వరల్డ్ అసోసియేషన్ ఫర్ వెటర్నరీ డెర్మటాలజీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల కాగితాలు కూడా ఇచ్చారు. అవి చదివాక నిద్రపట్టింది. ముందు వెంట్రుకలు తీసెయ్యాలి, తర్వాత మామూలు డిటర్జెంట్‌తో కడగాలి, ఆఖర్న క్రిమిసంహారకం. దుమ్ము పైన ఎంత బ్లీచ్ పోసినా పనిచెయ్యదు. నేను బ్లీచ్ ఒక పాలుకి 32 పాళ్ళ నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో తుడిచేసేదాన్ని. కిటికీలు తెరిచి, పిల్లుల్ని వేరే గదిలో పెట్టి. దుప్పట్లకి బ్లీచ్ కూడా అక్కర్లేదు. మెషీన్ కుక్కి నింపకుండా రెండుసార్లు ఉతికితే చాలు.

ఆ కాగితాల్లోనే ఇంకో మాట ఉంది, నన్ను ఎక్కువ కదిలించింది అదే. విడిగా ఉంచడం జాగ్రత్తగా, వీలైనంత తక్కువ కాలమే చెయ్యాలని. పిల్లిపిల్లలు మనుషుల్ని నమ్మడం నేర్చుకునే వయసు మొదటి కొన్ని వారాలే. ఆ వయసులో గదిలో పడేసి, మందుకి మాత్రం పట్టుకుంటే, జబ్బు పోయాక భయం మిగులుతుంది. అందుకే చిట్టినీ మబ్బునీ ఒకే గదిలో పెట్టాను. ఇద్దరికీ ఉన్నది ఒకే జబ్బు కాబట్టి కలిసి ఉంటే నష్టం లేదు. రెండు పాత చొక్కాలు ఆ గది కోసమే కేటాయించాను. చుక్క, రాణి, కాటుకల పనులయ్యాక చివరగా ఆ గదికి వెళ్ళేదాన్ని. చొక్కా వేసుకుని, గ్లౌజులు తొడుక్కుని గంటసేపు నేల మీద కూర్చునేదాన్ని. చిట్టి ఒళ్ళో ఎక్కి పడుకునేది. బయటికొచ్చాక చొక్కా బకెట్లో, నేను స్నానానికి. నేను ఇప్పటిదాకా పెంచిన పిల్లుల్లో దేన్నీ గ్లౌజుల్లోంచి నిమరలేదు. మొదట్లో రబ్బరు చెయ్యి తగలగానే చిట్టి తల వెనక్కి తీసుకునేది. పదో రోజుకి ఆ చేతికే తల రుద్దింది. నేను ఏడ్చాను.

నా మచ్చలకి టెర్బినఫిన్ క్రీమ్ ఇచ్చారు. మచ్చ అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు బయటిదాకా రాయమన్నారు, మాయమయ్యాక కూడా ఇంకో రెండు వారాలు ఆపొద్దన్నారు. స్టెరాయిడ్ చేసిన చెడు వల్ల నాకు మాత్రలు కూడా పడ్డాయి. మొత్తం ఆరు వారాలు. ముంజేతి మీద గోధుమరంగు నీడ ఇంకా ఉంది.

చిట్టి చెవి మీద ఐదో వారానికి నూగులాగా బొచ్చొచ్చింది. అప్పుడే తలుపు తీసెయ్యాలనిపించింది. ఈసారి తియ్యలేదు. కంటికి నయమైనట్టు కనిపించాక కూడా బీజాలుంటాయి. మందు పదో వారంలో తీసిన కల్చర్ రెండు వారాలాగి చూస్తే ఖాళీగా ఉంది. వారం తేడాతో తీసిన రెండోదీ ఖాళీగా ఉంది. ఆ ఫలితం చెబుతూ ఫోన్ వచ్చినప్పుడు నేను గది బయట బకెట్ పిండుతున్నాను. చేతులు తుడుచుకోకుండానే తలుపు తీశాను. మబ్బు నడిచొచ్చి ఎండపడే తన పాత చోట పడుకుంది. చిట్టిని చూసి రాణి బుసకొట్టింది, దానికి ఆ పిల్ల ఎవరో గుర్తులేదు. వాటికి మళ్ళీ పరిచయం చెయ్యడానికి ఇంకో వారం పట్టింది.

మొన్న అక్క వచ్చింది, పాపని తీసుకుని. తీసుకొస్తుందని నేను అనుకోలేదు. పాప గుమ్మంలోనే చెప్పులు విడిచి, తల వంచి చూపించింది. "పిన్నీ, ఇక్కడ చూడు, వచ్చేసింది." ఊడినచోట వేలి కణుపంత పొడుగున కొత్త జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. తర్వాత చిట్టి పక్కన బోర్లా పడుకుని దాని చెవి అంచుని వేలితో తడిమి చూసింది.

"దీనికీ వచ్చేసింది" అంది. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పాపని వెనక్కి రమ్మని పిలవలేదు.