గాలి ఎక్కడ దూరుతోంది? పడవలో వాక్యూమ్ టాయిలెట్‌తో నా కుస్తీ

మా పడవలో ఉన్నది వాక్యూమ్ టాయిలెట్. పెడల్ తొక్కితే బౌల్ అడుగున వాల్వ్ తెరుచుకుని, ఉన్నదంతా సర్రున లాగేసుకుంటుంది. సుమారు అర లీటరు నీళ్లతో పని అయిపోతుంది. మంచినీళ్లు చూసి చూసి వాడుకునే పడవలో ఇది చిన్న సౌకర్యం కాదు. పంపు ముందే హోస్‌లోంచీ, ఓ చిన్న వాక్యూమ్ ట్యాంకులోంచీ గాలి తీసేసి ఉంచుతుంది. గేజ్ మీద 10 అంగుళాల పాదరసం దాకా, అంటే వాతావరణ పీడనంలో దాదాపు మూడో వంతు లోటు రాగానే స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఫ్లష్ చేశాక ఒకటి రెండు నిమిషాలు తిరిగి ఆగాలి. మళ్లీ ఎవరూ వాడకపోతే గంటల తరబడి నోరెత్తకూడదు.

మాది ఎత్తింది. లోపలికి ఎవరూ వెళ్లకపోయినా పావుగంటకోసారి గుర్రుమనేది. ఆ మోత సరిగ్గా నా పడక కింద. నిద్ర సంగతి అటుంచి, బ్యాటరీ ఏమైపోతుందోనన్న టెన్షన్ ఇంకోవైపు.

చూసినవాళ్లంతా ‘పంపు పోయింది, మార్చేయండి’ అన్నారు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. లాగలేని పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. లోపల గాలి లాగే రబ్బరు తిత్తి, అంటే బెలోస్ చిరిగినా, వోల్టేజ్ బాగా పడిపోయినా అంతే. మాది 10 అంగుళాలు అందుకుని బుద్ధిగా ఆగుతోంది. ఆగాక మళ్లీ తిరుగుతోందంటే, తెచ్చిన వాక్యూమ్ నిలవట్లేదన్నమాట. ఎక్కడో గాలి దూరుతోంది.

నీళ్లు కారితే తడి చూసి పట్టుకోవచ్చు. గాలికి అలాంటి ఆనవాలేమీ ఉండదు. అందుకే ఒక్కో భాగాన్నీ మిగతావాటి నుంచి విడదీసి, ఇది కాదు, ఇది కాదు అని తేల్చుకుంటూ పోవడమే దారి అనిపించింది. ట్యాంకుకి గేజ్ బిగించి మొదలుపెట్టాను.

మొదటి అనుమానం బౌల్ మీదే. వాల్వ్‌ని ఆనుకుని ఉండే రబ్బరు సీల్ కింద కాగితం ముక్కో, కాస్త గారో ఇరుక్కుంటే చాలు, గాలికి దారి దొరికినట్టే. పరీక్ష కూడా సులువు: నీళ్లు పోసి వదిలేయడమే. సీల్ కారుతుంటే బౌల్ ఖాళీ అవుతుంది. రాత్రి పోసిన నీళ్లు పొద్దున్నకి పోసినంతా అలాగే ఉన్నాయి, పంపు మాత్రం రాత్రంతా జాగారం చేసింది. సీల్ బాగున్నట్టే. తర్వాత బౌల్ వెనక హోస్ విప్పి, పంపు వైపు వెళ్లే కొసకి రబ్బరు ప్లగ్ బిగించాను. అయినా ముల్లు దిగుతూనే ఉంది. దాంతో టాయిలెట్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాను. మిగిలినవి హోస్, ట్యాంకు, పంపు.

పంపుకి వెళ్లే దారిలోనూ, వచ్చే దారిలోనూ డక్‌బిల్ వాల్వులుంటాయి, మా పంపులో మొత్తం నాలుగు. బాతు ముక్కులా రెండు రబ్బరు పెదవులు. సరుకు వచ్చినప్పుడు విచ్చుకుని, దాటిపోగానే మూసుకుంటాయి. మూసుకోకపోతే మలినమంతా చేరే హోల్డింగ్ ట్యాంకు వైపు నుంచి గాలి వెనక్కి వస్తుంది.

విప్పే పని అంత మర్యాదైనది కాదు, తయారీ ఉండాలి. ముందు హోల్డింగ్ ట్యాంకు ఖాళీ చేయించాను. లేకపోతే నట్ వదులవగానే అందులోది వెనక్కి తన్నుకొచ్చి మన ఒళ్లో పడుతుంది. మంచినీళ్లతో చాలాసార్లు ఫ్లష్ చేసి, బ్రేకర్ ఆపి, పెడల్ తొక్కి ఉన్న వాక్యూమ్ వదిలేశాను. గ్లోవ్స్, బకెట్, పాత తువ్వాళ్లు సరేసరి. బయటికొచ్చిన వాల్వుల్ని కడిగి ఒక్కోటీ లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. మూడింటి పెదవులు మెత్తబడి ఉన్నా కలుసుకుంటున్నాయి. నాలుగోదాంట్లో ఒక వెంట్రుక చుట్టుకుని, దాని మీద తెల్లటి గార పేరుకుంది. ఆ పెదవుల మధ్య సన్నటి వెలుగు గీత!

నాలుగూ ఒకేసారి మార్చేశాను. పంపు విప్పాక మూడింటిని పాతవే ఉంచడం నా దృష్టిలో పిసినారితనం. ముక్కు సరుకు వెళ్లే వైపే ఉండాలి, తిరగబడితే ఏదీ కదలదు. ప్లాస్టిక్ నట్లు చేత్తో బిగిస్తే సరిపోతుంది, రెంచీ పెట్టి తిప్పితే మరలు పోతాయి.

పావుగంట కాస్తా గంట అయింది. మెరుగే గానీ ఇంకా సరిపోదు. అంటే రెండో లీకు ఉంది. సబ్బునీళ్లు రాస్తే ఇక్కడ బుడగ రాదు, గాలి బయటికి కాదుగా వచ్చేది. చిక్కటి షేవింగ్ ఫోమ్ ప్రతి జాయింట్ చుట్టూ పూసి, టార్చి వేసుకుని కూర్చున్నాను. ట్యాంకు మీద హోస్ ఎక్కే చోట నురగలో చిన్న గుంట పడింది. క్లాంపు బిగువుగానే ఉంది, దాని కింద హోస్ చివర గట్టిపడి, గుండ్రదనం పోయింది. ఎంత బిగించినా అది అతుక్కోదు. పాడైన అంగుళం కోసేసి, కొత్త చివరని వేడినీళ్లలో మెత్తబరిచి ఎక్కించి, రెండు క్లాంపులు వాటి స్క్రూలు ఎదురెదురుగా వచ్చేలా బిగించాను. గేజ్ అద్దం మీద ముల్లు ఉన్నచోట పెన్నుతో గీత పెట్టి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక చూసినా ముల్లు గీతని వదల్లేదు.

పనిలో పనిగా హోల్డింగ్ ట్యాంకులోంచి గాలి బయటికి పోయే వెంట్ గొట్టం కూడా శుభ్రం చేశాను. అది మూసుకుపోతే ట్యాంకులో ఒత్తిడి పెరిగి ఆ భారమంతా పంపు మీదే పడుతుంది. డక్‌బిల్ సెట్ ఒకటి, సీల్ ఒకటి అదనంగా పడవలో ఉంచుకున్నాను. గార కట్టకుండా అప్పుడప్పుడు రాత్రి వెనిగర్ పోసి, ఒక్కసారి పెడల్ తొక్కి హోస్‌లో నిలవనిచ్చి, పొద్దున్నే నీళ్లతో ఫ్లష్ చేస్తున్నాం. రబ్బరుని తినేసే బ్లీచ్, డ్రెయిన్ క్లీనర్ల జోలికి మాత్రం పోవట్లేదు.